బొరియలో ఉడుత, తొర్రలో పిట్ట

ఒకానొక కొండరాజ్యాన్ని మార్తాండ భూపతి అనే రాజు ఏలేవాడు. ఆయనగారి గొప్పలు వినలేక గోడలు కూడా చెవులు మూసుకునేవి, ఏం చెప్పమంటారు! ఆ గొప్ప కోసమే తోటలో రెండు వింతలు పెంచాడు. ఒకటి మంచుకొండల నుంచి తెప్పించిన పెద్ద ఉడుత, పిల్లి అంత ఉంటుంది. రెండోది ముక్కు మీద కొమ్మున్న పిట్టల జంట.

మాఘమాసంలో ఒకరోజు రాజు కొలువునంతా తోటకు తీసుకొచ్చి, ఉడుతను చూపిస్తానంటూ బొరియ తవ్వించాడు. అయ్యబాబోయ్! ఉడుత ఉండలా చుట్టుకుని, రాయిలా చల్లబడి ఉంది. "నా ఉడుతను చంపేశారా?" అని రాజు గావుకేక పెట్టాడు.

"కార్తీకం నుంచి ఇంతే దొరా! చలికాలమంతా తిండీ తిప్పలూ లేకుండా పడుకోవడం దీని నైజం. బతికే ఉంది," అన్నాడు తోటమాలి బయ్యన్న.

"నాలుగు నెలలు తిండి లేకుండానా?" రాజు ఆస్థాన పండితుడు శేషావధాని వైపు తిరిగాడు.

పండితుడు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఆ కొమ్ముపిట్టను చూడండి. ఆడపిట్ట గుడ్లు పెట్టడానికి తొర్రలో దూరి ద్వారం మూసేసుకుంది. సన్నటి సందులోంచి మగపిట్ట పళ్లు అందిస్తోంది. తింటోంది గనక బతికుంది. ఉడుతా ద్వారం మూసుకుంది, కానీ తినలేదు. తిననిది చచ్చినట్టే!"

"భేష్! అదే నా తీర్పు. తినేది బతికినట్టు, తిననిది చచ్చినట్టు. నా ఉడుతను చంపిన ఈ బయ్యన్న తల తీసేయండి!"

బయ్యన్న అక్కడికక్కడే కుప్పకూలాడు.

కొలువులో కోనప్ప అని ఒక మాటకారి ఉన్నాడు. అతను ముందుకొచ్చి, "ప్రభువులు ఇవాళ ఏం ఆరగించారు?" అని అడిగాడు.

"ఏకాదశిరా! నిన్న రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నా అంత నిష్ఠ ఎవరికుంది?"

అంతే! కోనప్ప గుండెలు బాదుకుంటూ నేల మీద పడ్డాడు. "ఓరి దేవుడో! మా రాజుగారు పోయార్రో! పాడె కట్టండర్రో!"

భటులు కత్తులు దూశారు. రాజు ఆసనం మీంచి ఎగిరి దూకాడు.

"ఒరేయ్! నేను బతికే ఉన్నానురా!"

"తినలేదుగా ప్రభూ! తీర్పు తమరిదే. ఉడుత బతికే ఉందని బయ్యన్న మొత్తుకుంటే తమరు వినలేదు. మరి తమరి మాట మేమెలా వినడం?"

ఇంతలో బయ్యన్న లేచి, ఉడుత ముక్కు దగ్గర ఒక ఈక పెట్టాడు. అందరూ కళ్లార్పకుండా చూశారు. చాలాసేపటికి ఈక కదిలింది!

రాజు ముందు నోరెళ్లబెట్టాడు. తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. బయ్యన్నను వదిలేయమని చెప్పి, తన ముత్యాల హారం తీసి కోనప్ప మెడలో వేశాడు.

శేషావధాని మాత్రం తనకూ ఆ రోజు ఉపవాసమేనని గుర్తొచ్చి, గబగబా ఇంటికి పోయి, ఎందుకైనా మంచిదని నాలుగు అరటిపళ్లు తినేశాడట.