ఆవకాయకి ఆశపడిన బాణలి

ఒకప్పుడు ఇనుముకి తుప్పంటే ఏమిటో తెలీదు. వానలో తడిసినా, బావిగట్టున పడేసినా తళతళలాడుతూనే ఉండేది. కొలిమిలోంచి బయటికొచ్చే ప్రతి ఇనప వస్తువుకీ అగ్నిదేవుడు ఓ శాలువా కప్పేవాడు మరి! ఉల్లిపొర కన్నా పల్చన. కంటికి కనిపించదు. కానీ దాన్ని దాటి గాలీ నీరూ లోపలికి రాలేకపోయేవి.

ఆ రోజుల్లో పేరిందేవమ్మ గారింట్లో ఓ ఇనప బాణలి ఉండేది. దానికి చెవులు రెండు, కోరిక ఒకటి. ఎప్పటికైనా ఆవకాయ తనలో ఉండాలి!

బాణలికి పని లేక కాదు. గారెలు వేసేది, అప్పడాలు వేయించేది. అందరూ లొట్టలేసుకుని తినేవారు. అయినా ఎండాకాలం వచ్చేసరికి దాని కడుపు మండిపోయేది. అప్పుడు ఇంట్లో మర్యాదంతా జాడీదే. జాడీకి స్నానం, జాడీకి ఎండ, జాడీ మెడకి తెల్లగుడ్డ. తడిచెయ్యి తగిలిందంటే ఇంట్లో పెద్ద గొడవ.

"కాయ కొట్టింది మా కత్తి. కారం దంచింది రోకలి కొసనున్న మా పొన్ను. కష్టమంతా మా ఇనపోళ్ళది, కులుకంతా ఆ బొజ్జదానిదీనా?" అని బాణలి రుసరుసలాడేది.

ఆ ఏడు ఆవకాయ కలిపే రోజున అటక మీంచి పిల్లి దూకింది. జాడీ కాస్తా ముక్కలైంది. పేరిందేవమ్మ గారు నెత్తి కొట్టుకున్నారు.

"అయ్యో నా రాత! ఏడాది పచ్చడి, ఇప్పుడు ఎందులో పెట్టను?"

"నేను లేనూ అమ్మగారూ?" అంది బాణలి చెవులూపుకుంటూ.

"నువ్వా? పులుసు రాచ్చిప్పలో కాస్తాను, ఉప్పు మట్టికుండలో పోస్తాను. ఆ రెండూ నీకు అలవాటు లేవే! ఏమో, నాకు భయం."

"అగ్నిదేవుడి శాలువా ఉండగా భయమేంటండీ? పచ్చడి పాడైతే నన్ను పాత ఇనుముకి వేసెయ్యండి! మాటంటే మాటే!"

వేరే దారి లేక ఆవిడ సరేనన్నారు. పచ్చడి బాణలిలో పడింది. పైన తెల్లగుడ్డా కట్టారు. బాణలి మురిసిపోయింది. నువ్వులనూనె కూడా "నీకేం భయం లేదు, నేను అడ్డంగా ఉంటాగా" అని భరోసా ఇచ్చింది.

కానీ ముక్కలు మగ్గి ఊట దిగేసరికి నూనె గొణగడం మొదలెట్టింది. "కింద ఊపిరాడటం లేదు. అలా పైకెళ్ళి ఇప్పుడే వస్తా." పైకి తేలింది. మళ్ళీ కిందికి దిగితే ఒట్టు!

ఇక ఉప్పు వచ్చింది. "వదినా, శాలువా భలే ఉందే! ఏ ఊరి నేత?" అంటూ వేలితో పొడిచి చూసింది. చిల్లు పడింది. "అయ్యో, ఇక్కడ కాస్త పల్చబడిందే!" అంటూ పక్కన పొడిచింది. అక్కడా చిల్లే.

"చూడు గానీ ముట్టుకోకమ్మా!" అని బాణలి మొత్తుకుంది.

పులుపుకి ఆ పాటి ఓపిక కూడా లేదు. మనుషుల పళ్ళనే పులిసేలా చేసే రకం అది. "ఒక్కో చిల్లూ ఎప్పటికి పొడుస్తావే, తప్పుకో!" అని ఉప్పుని పక్కకి నెట్టింది. శాలువాని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కరిగించి చప్పరించేసింది.

అదే అదనుగా ఊటనీళ్ళతో పాటు గాలి లోపలికి దూరింది. "చెల్లాయ్! నువ్వింకా ఎర్రమట్టిగా ఉన్నప్పుడు కలిసి పెరిగినవాళ్ళం, కొలిమి మనల్ని విడదీసింది. ఎన్నాళ్ళకి తలుపు తీశావే!" అంటూ గట్టిగా వాటేసుకుంది. అది వాటేసుకున్న చోటల్లా బాణలి ఎర్రబడి పెచ్చులు లేచింది.

కొన్నాళ్ళకి పేరిందేవమ్మ గారు గుడ్డ విప్పారు. పచ్చడి నల్లగా ఉంది. వేలు పెట్టి నాకారు.

"థూ! ఓసి నీ దుంప తెగ! బావిగొలుసు నాకినట్టుందే!"

తిట్టారు గానీ ఆవిడకి ఏడుపొచ్చేసింది. ఏడాది పొడవునా అన్నంలో ఏం కలుపుకోవాలి? ఆ కన్నీళ్ళు చూసి బాణలికి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

"వేసెయ్యండమ్మగారూ. మాటంటే మాటే కదా," అంది మెల్లగా.

ఆవిడ దాన్ని చెవులు పట్టుకుని వీధిగుమ్మం దాకా తీసుకెళ్ళారు. అక్కడ ఆగారు. "నిన్ను పారేస్తే గారెలెవరు వేస్తారే, నీ మొహం!" అని వెనక్కి తిరిగారు. ఇటికపొడితో తోమి, పొయ్యి మీద ఆరబెట్టి, ఒళ్ళంతా నూనె రాశారు.

పొయ్యిలోంచి అగ్నిదేవుడు నిట్టూర్చాడు. "మళ్ళీ కప్పుతానులే. కానీ నా శాలువా ఎంత పల్చనో ఉప్పుకీ పులుపుకీ తెలిసిపోయింది. అవిక ఊరుకోవు తల్లీ."

అప్పటినుంచే ఉప్పు తగిలితే ఇనుము మీద చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. పులుపు తగిలితే ఒళ్ళంతా పాడవుతుంది. మామిడికాయ కొట్టిన కత్తిని వెంటనే కడిగి, తుడిచి, నూనె రాసేదీ అందుకే. ఇక సముద్రం ఒడ్డున ఉండే ఇనప గేట్ల బాధ చెప్పనక్కర్లేదు. ఉప్పుగాలి తగిలితే చాలు, "వచ్చిందమ్మా మళ్ళీ, ఏ ఊరి నేత అంటూ!" అని కీచుకీచుమని గోల పెడతాయి.