మునిరత్నం వెతికిన అంచు

చెంగల్రాయుడుగారి దగ్గర కలంకారీ నేర్చుకునేవాళ్లకు ఒక కట్టడి ఉండేది. ఎవరి గుడ్డ మీదా లేని అంచు ఒకటి సొంతంగా గీసి తెస్తేనే కలం చేతికిస్తారు. అందాకా ఏట్లో గుడ్డలు ఉతకడమే. మునిరత్నం రెండేళ్లుగా ఉతుకుతున్నాడు. మధ్యలో నెమలిని తెచ్చాడు, హంసను తెచ్చాడు, తామరతీగను తెచ్చాడు. గురువుగారు ప్రతిసారీ చూసి, "ఇది మా తాత గీసిందే" అని వెనక్కిచ్చేశారు. శనివారానికి అంచు తేకపోతే రథానికి కట్టే గుడ్డ గీసే పని అప్పుడే అంచు తెచ్చేసిన కొత్త శిష్యుడి పాలవుతుందని కూడా చెప్పేశారు.

శుక్రవారం పొద్దున మునిరత్నానికి ఓపిక నశించింది. "అయివోరూ, ఈ ఊర్లో ఏముందని గీయమంటారు? ఎటు చూసినా దుమ్ము, బర్రెలు, ఆరేసిన గుడ్డలు! అందమైంది ఒక్కటన్నా కండ్లబడితే కదా!"

వాదించడం గురువుగారికి అలవాటు లేదు. ఎవరేమడిగినా ఏదో ఒక పని పురమాయిస్తారు.

"నీ మంచం వదులైపోయింది. బిగించుకో పో" అన్నారు.

మునిరత్నానికి ఒళ్లు మండిపోయింది. అడిగిందొకటి, చెప్పిందొకటి! నులక మంచం వదులైతే కాళ్లవైపు తాడు లాగి కడితే చాలు. ఆ సంగతి పసిపిల్లలకూ తెలుసు, కోపంలో ఉన్నవాడికి మాత్రం తట్టదు. నులకంతా ఊడబెరికి కుప్పపోశాడు. తీరా తిరిగి అల్లబోతే చేయి ఆడలేదు. రెండేళ్లు పడుకున్న మంచంలో నులక ఎటునుంచి ఎటు పోతుందో వాడికి తెలియదు! మూడుసార్లు అల్లాడు, మూడుసార్లూ చిక్కుపడింది. మంచాన్నీ గురువునీ కలిపి తిట్టుకున్నాడు. చివరికి తిండి కూడా మాని పక్కింటివాళ్ల మంచం దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పేటా వేలితో తడిమి చూశాడు. రెండు పైకి, రెండు కిందికి, మరుసటి వరుసలో ఒకటి పక్కకి. అలా జరుగుతూ జరుగుతూ ఏటవాలు గడి పడింది, గడిలో చిన్న గడి, దానిలో ఇంకా చిన్నది. వాడు మంచం సంగతి మరిచిపోయి గీసుకోడానికి చింతబొగ్గు కోసం ఇంటికి పరుగెత్తాడు. ఆ రాత్రి కటికనేల మీదే పడుకున్నాడు.

శనివారం గురువుగారు ఆ అంచును చాలాసేపు చూసి, కలం తీసి వాడి చేతిలో పెట్టారు. మునిరత్నానికి సంతోషంతో పాటు ఉక్రోషం కూడా పొంగుకొచ్చింది.

"ఆ మంచాన్ని చూడమని ముందే ఒక్క మాట చెప్పుంటే పోయేది కదా అయివోరూ! రెండేళ్లు ఉతికించినారే!"

గురువుగారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"దినామూ పొద్దున్నే చొక్కా లేకుండా ఏటికి పోతావు కదరా. నీ వీపు మీద ఈ అచ్చు కనపడతానే ఉండె. నీకూ తెలుసనుకుంటి" అన్నారు.