రంగు పడని ముఖం

చిత్రకారిణి కోనమ్మ సగం రంగులద్దిన రాజుగారి చిత్రపటంతో కొలువుకు వచ్చింది. ముఖానికి ఇంకా రంగు పడలేదు, అక్కడ తెల్లబట్టే కనిపిస్తోంది. ఆస్థాన పండితుడు దాన్ని నిదానంగా పరిశీలించాడు.

"ప్రభూ, తెలుపు బూడిదకు గుర్తు. ఈమె తమ మరణాన్ని కోరుతోంది."

రాజు ఆమె కుడిచేయి నరకమన్నాడు.

కోనమ్మ చేతులు జోడించింది. "చిత్తం. ముందు ఒక్క పని ముగించనివ్వండి. తమ పక్కన పండితులవారినీ గీశాను. అయ్యా, తమ శాలువాకు ఏ రంగు వేయమంటారు?"

పండితుడు పొంగిపోయాడు. "తెలుపే ఉంచు. అది నిర్మలత్వానికి గుర్తు."

"అలాగేనయ్యా. మరి ఒకే బట్ట మీది తెలుపు తమ భుజాన నిర్మలత్వమై, ప్రభువు ముఖాన బూడిద ఎట్లా అయింది?"

రాజు కత్తి పట్టిన భటుణ్ణి వెనక్కు పొమ్మన్నాడు.

"పండితా, ఈమె గీయని నా చావు నీకెక్కడ కనిపించింది?"