పేరయ్య మేనల్లుడి ఈత

ఎండాకాలం వచ్చిందంటే కొర్రకోన అడవికి నాలుక పిడచకట్టుకుపోయేది. వాగులూ ఏరూ ఎండిపోతే మిగిలేది ఏటి నడుమ లంకను ఆనుకుని ఉన్న మడుగొక్కటే. ఎండలు ముదరకముందే, ఏట్లో నీళ్ళుండగానే, చుట్టుపక్కల అడవులన్నీ ఆ లంకలో ఆటల పోటీలు పెట్టుకునేవి. ఈతలో గెలిచిన అడవికే మళ్ళీ పోటీల దాకా ఆ మడుగు మీద హక్కు. కొర్రకోన జట్టు మాత్రం ఎప్పుడు వెళ్ళినా, వెళ్ళినంత తేలిగ్గానే, వట్టి చేతులతో తిరిగొచ్చేది.

జట్టుకు పెద్ద నక్క పేరయ్య. నోరు పెట్టుకుని బతికినవాడు. ఈసారి పరుగుకు బావమరిదినీ, చెట్టెక్కడానికి తోడల్లుణ్ణీ, ఈతకు మేనల్లుడు బుల్లబ్బాయినీ ఎంచాడు.

"చెట్టెక్కడానికి కొండముచ్చు ఉంది కదండీ," అంది నీటికుక్క గవరమ్మ.

"కొండముచ్చుకు మర్యాద తెలీదమ్మా. పరాయి అడవుల ముందు మన పరువేం కాను?"

"పోనీ ఈతకు నేనున్నాను కదండీ."

"నువ్వు లేకపోతే ఎలాగమ్మా? తెప్ప ఎవరు తోస్తారు?"

గవరమ్మ పుట్టిందీ పెరిగిందీ నీళ్ళలోనే. ఆ మాటకి మనసు చివుక్కుమంది. అయినా నీళ్ళ కోసం కోసుల దూరం కాళ్ళీడ్చుకుంటూ నడిచే దుప్పి పిల్లలు కళ్ళలో మెదిలి, తెప్ప వెనక్కి చేరింది. నక్కలు పైన కూర్చుని, ఊరేగింపులో ఎవరు ముందు నడవాలన్న విషయం మీద దారి పొడుగునా తగువులాడుకున్నాయి.

లంకలో ఆటలు మొదలయ్యాయి. బావమరిది కుందేళ్ళు లేపిన దుమ్ము తిని వచ్చాడు. తోడల్లుడు చెట్టు మొదలు వాటేసుకుని, ఇంకా ఎక్కకుండానే దింపమని కేకలేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఇక్కడి ఇసుక మెత్తన, చెట్లు నున్నన, మనవాళ్ళేం చేస్తారు?" అని పేరయ్య అందరికీ చెప్పుకొచ్చాడు.

ఇక ఈత మిగిలింది. రెల్లుపొదల దగ్గర దిగి, ఏటి మధ్య బండను చుట్టి మళ్ళీ అక్కడికే చేరాలి. బుల్లబ్బాయి ఒక కాలు తడిపి వెనక్కి తీసుకున్నాడు.

"మామా, చల్లగా ఉన్నాయి."

"ఈదితే వెచ్చబడతావు, దిగు."

"లోతుగా కూడా ఉన్నాయి."

"ఈత వచ్చన్నావు కదరా?"

"నేనెప్పుడన్నాను? నువ్వే అందరికీ చెప్పావు."

 పేరయ్య అటూ ఇటూ చూసి గవరమ్మను పొద చాటుకు పిలిచాడు. "అమ్మా, నువ్వు దిగు. నీళ్ళలో అందరి తలలూ ఒకటే, ఎవరూ పోల్చలేరు. పేరు మాత్రం మావాడిది."

 గవరమ్మకు వాళ్ళమ్మ చెప్పిన లంక ఆచారమొకటి అప్పుడే గుర్తుకొచ్చింది.

"అలాగేనండి. గెలిచాక చెయ్యాల్సినవి కూడా బుల్లబ్బాయి గారే చేస్తారా?"

పేరయ్యకు దండలూ పొగడ్తలూ కనిపించాయి. "ముట్టుకోవద్దు నువ్వు. అన్నీ మావాడే."

"సరే, మాట మీదుండండి మరి."

గవరమ్మ నీళ్ళలోకి జారింది. బండ దగ్గరికి వచ్చేసరికి మొసలి తప్ప ఎవరూ వెంట లేరు. తిరుగుదారిలో అదీ వెనకబడింది. ఆమె పొదలో దూరగానే పేరయ్య మేనల్లుణ్ణి ఒక ముంచు ముంచి గట్టు మీదికి తోశాడు. జనం ఈలలేశారు. తీర్పరి అయిన ముసలి ఏనుగు బుల్లబ్బాయి మెడలో దండ వేసింది.

"భేష్ నాయనా. మడుగు అడుగున తెల్ల శంఖం ఉంది. గెలిచినవాడు మునిగి తెస్తేనే మడుగు వాళ్ళది. కానివ్వు."

బుల్లబ్బాయి మామ వైపు చూశాడు. పేరయ్య గవరమ్మ వైపు చూశాడు. గవరమ్మ తీరిగ్గా మీసాలు తుడుచుకుంటోంది.

"వెళ్ళమ్మా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"ముట్టుకోవద్దన్నారు కదండీ."

"ఏమిటా గుసగుసలు?" అంది ఏనుగు. "తేలేకపోతే చెప్పండి, మడుగు మొసళ్ళ అడవికిచ్చేస్తాను."

కొర్రకోన నుంచి చూడ్డానికొచ్చిన దుప్పులు చెవులు వాల్చేశాయి. వట్టి చేతులతో ఇంటికెళితే వాటి కొమ్ములు తననేం చేస్తాయో పేరయ్యకు తెలుసు.

"అయ్యా, ఈదింది మావాడు కాదు," అన్నాడు తల దించుకుని. "గవరమ్మ."

"గట్టిగా చెప్పు. చెవులు పెద్దవే గానీ వయసైపోయింది."

పేరయ్య లంకంతా వినపడేలా మళ్ళీ చెప్పాడు.

"ఆమె మీ అడవిదేనా?"

"మాదేనయ్యా."

"అయితే గెలుపు కొర్రకోనదే. దండ అటివ్వు. నువ్వూ నీ చుట్టాలూ మాత్రం ఇంకెప్పుడూ ఈ లంకలో ఆటలకు రావద్దు."

గవరమ్మ మునిగింది. బుడగలు లేచాయి, ఆగిపోయాయి. దుప్పులు గట్టు అంచుకొచ్చి మెడలు చాచాయి. నీళ్ళు చీల్చుకుని ముందు శంఖం పైకొచ్చింది, తర్వాత ఆమె.

ఆ ఎండాకాలం కొర్రకోన పిల్లాజెల్లా మడుగులో కడుపు నిండా తాగాయి. అందరూ వెళ్ళాక తాగుదామని పేరయ్య పొద చాటున కాచుకుంటే, ఓ దుప్పి పిల్ల చూసి, "మామయ్యా, బుల్లబ్బాయి బావ రాలేదా ఈతకు?" అని మర్యాదగా అడిగింది.

పేరు అరువుకు దొరుకుతుంది, ఈత దొరకదు.