రెండు దవడల వైద్యం

క్రిములను చంపే సత్తువ చెట్టులోనే ఉన్నప్పుడు, మందేమీ లేని ఉక్కు కొక్కెంతో పంటిగారను పూటల తరబడి గీకడం దేనికని శిష్యుడు పురుషోత్తం అడిగాడు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆచార్య భార్గవశర్మగారికి లేదు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

శిష్యుడు తోచక అడిగిన ప్రశ్న కాదది. చిగుళ్ళను తినే క్రిములను గాజుపళ్ళెంలో పెంచి, నల్లతుమ్మ బెరడు కషాయంలో లవంగ తైలం కలిపి వాటి నడుమ ఒక చుక్క వేసి చూశాడు. చుక్క పడిన చోట క్రిమి అన్నది మొలవలేదు. ఏ మందైనా ముందు శిష్యుడి నోట పడాలన్నది ఆ వైద్యశాల కట్టడి. అదీ చేశాడు. నాలుక మొద్దుబారింది, చిగురు బిగిసింది, అంతకు మించి కీడేమీ జరగలేదు.

ఆ రోజుల్లోనే నాదస్వర విద్వాంసుడు మౌలాలీ సాహెబు వచ్చాడు. దేవుడి కల్యాణాలకు ఊరూరా పిలుపులున్న మనిషి. ముందుపళ్ళు కదులుతున్నాయి, వాద్యం నోట పెడితే ఊదే పీకకు నెత్తురు అంటుతోంది.

"పళ్ళూడితే పెదవికి దన్నుండదు అయ్యగారూ. ఇక నేను ఊదేది పొయ్యినే," అన్నాడు.

శర్మగారు శిష్యుడి వైపు తిరిగారు. "కుడి దవడ నీది. నీ మందు దూదితో అద్దు, కొక్కెం ముట్టకు. ఎడమ దవడ నాది." ఎందుకలాగో సాహెబుకు విడమరిచి చెప్పి, ఏ పూట వద్దంటే ఆ పూట మానేస్తామన్నారు.

"నా నోట్లో పొలిమేర రాయి పాతారన్నమాట! సరే, కానివ్వండి," అని ఆయన నవ్వాడు.

కొన్నాళ్ళకు కుడివైపు నెత్తురు ఆగింది. చిగుళ్ళు బిగిసి, లేత గులాబీరంగుకు వచ్చాయి. ఎడమవైపు గురువుగారు గీకినప్పుడల్లా నెత్తురు కారింది. వాపు తగ్గి చిగుళ్ళు దిగాయి, పళ్ళు పొడుగ్గా బయటపడ్డాయి, చన్నీళ్ళు తగిలితే జివ్వుమన్నాయి.

"చిన్నయ్యగారి పక్కే సుఖంగా ఉంది. పెద్దయ్యగారిది పగవాడి చెయ్యి," అన్నాడు సాహెబు.

పురుషోత్తానికి గర్వం కలగవలసిన చోట కలవరం కలిగింది. గురువుగారి ముఖంలో ఓటమి జాడ లేదు. తనకు కనబడుతున్నది ఆయనకు కనబడడం లేదా? ఆయన చూస్తున్నదే తనకు కనబడడం లేదా? మనసు ఎటూ తేలలేదు.

కల్యాణాలు దగ్గరపడ్డాయి. శర్మగారు మొనలేని సన్నని సలాకు ఒకటి శిష్యుడి చేతికిచ్చారు. "ఎడమవైపు పంటికీ చిగురుకూ నడుమ దించు." సలాకు దిగీ దిగగానే ఆగిపోయింది. పన్ను కదలలేదు. "ఇప్పుడు కుడి."

గులాబీరంగు చిగురు పక్కన సలాకు దిగింది. ఇంకా దిగింది. ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. దాని వెంట చీము బొట్టు పైకి వచ్చింది, పన్ను ఊగింది. గార ఎక్కడిదక్కడే ఉంది. దాని చాటున, మందు అందని చోట, క్రిములూ ఉన్నాయి. పైన చిగురు మాత్రం బిగిసి మూసుకుంది.

సాహెబు ముఖం పాలిపోయింది. "ఇది బాగుపడ్డ పక్క కదయ్యా, చిన్నయ్యగారూ?"

ఈ కల్యాణాలకు వాద్యం తమ్ముడి చేతికివ్వమని శర్మగారు సాహెబుతో మెల్లగా చెప్పారు. ఆ పన్ను నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నారు. సాహెబు మళ్ళీ నోరు తెరిచి కూర్చున్నాడు.

"మీకు ముందే తెలుసా, గురువుగారూ?"

"కొంత. ఇంత అందంగా మూసుకుంటుందని అనుకోలేదు."

"అయితే నా కషాయం నన్ను మోసం చేసిందా?"

శర్మగారు ఉక్కు కొక్కెం తుడిచి శిష్యుడికి అందించారు.

"నెత్తురు ఆపమన్నావు, ఆపింది. దాన్ని నువ్వు మరేమీ అడగలేదు."