అసిరితల్లి అడిగిన పాత వలలు

అనగనగా ఒక ఊరు బుజ్జీ. చలికాలం రాగానే ఆ ఊరికి ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు వచ్చేవి. ముక్కు కింద ఇంతేసి సంచి వేలాడేసుకుని, ఇళ్ళ పక్క చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకునేవి. ఊళ్ళోవాళ్ళు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకునేవాళ్ళు. పెళ్ళిమేళమైనా సరే, ఊరి పొలిమేర దాటాకే మోగేది.

ఆ చెట్ల పక్కింట్లో అసిరితల్లి అని ఒకావిడ ఉండేది. జాకెట్లు కుట్టేది. మిషను తొక్కుతూ తొక్కుతూ తలెత్తి గూళ్ళకేసి చూసేది. తల్లిపక్షి వాలగానే పిల్ల దాని సంచిలోకి తలంతా దూర్చేసి చేపలు తినేది. అది చూసి ఒక్కత్తే పకపకా నవ్వుకునేది.

ఆమెకు ఒక్కటే దిగులు. గాలి గట్టిగా వీస్తే, ఇంకా ఎగరడం రాని పిల్లలు కింద పడిపోయేవి. పడినవి బతికేవి కావు. చెట్ల కింద వలలు కడితే బతుకుతాయి కదా అనుకుంది. కానీ అది వ్యవసాయం చేసుకునే ఊరు. వలలెవరి దగ్గరుంటాయి?

అప్పుడు అసిరితల్లి ఫోనులో ఆ పిల్లల వీడియో తీసింది. 'ముచ్చట్ల అరుగు' అని ఒక వెబ్‌సైటు ఉండేదిలే. అందులో ఎవరైనా తమకు తెలిసిన వార్త పెట్టొచ్చు. నచ్చినవాళ్ళు పైబాణం నొక్కుతారు, నచ్చనివాళ్ళు కిందిబాణం నొక్కుతారు. ఎక్కువ పైబాణాలొచ్చిన వార్త అందరికీ పైనే కనిపిస్తుంది.

అసిరితల్లి వలలు కావాలని రాసి, తన వీడియో అక్కడ పెట్టింది. ఎవరూ చూడలేదు. మళ్ళీ పెట్టింది. వంటల ముచ్చట్ల కింద పెట్టింది, క్రికెట్టు ముచ్చట్ల కింద పెట్టింది, ఎవరిదో పెళ్ళి ఫొటో కింద కూడా పెట్టింది.

"ఏటమ్మా, తలుపు తీస్తే నువ్వే, కిటికీ తీస్తే నువ్వే!" అని జనం విసుక్కున్నారు. అందరూ కిందిబాణమే నొక్కారు. వీడియో అడుక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాళ్ళ అక్క మొగుడు దాలినాయుడు వచ్చాడు. అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది.

"ఇలగైతే ఎవరు సూస్తారే? పేరు సూడగానే గుండె జల్లుమనాల," అన్నాడు. అని, 'పసిబిడ్డను ఎత్తుకుపోయిన రాకాసి పక్షి!' అని పేరు పెట్టి, కింద ఊరి పేరు కూడా రాశాడు.

"బావా, అది అబద్ధం కదా?"

"వలలొచ్చాక నిజం సెప్పుకుందువులే."

గూళ్ళలో పిల్లలు గుర్తొచ్చి అసిరితల్లి ఫోను అతని చేతిలో పెట్టేసింది. అప్పుడు దాలినాయుడు బోలెడు దొంగపేర్లు పుట్టించి, ఒక్కో పేరుతో ఒక్కో పైబాణం నొక్కాడు. చుట్టాలందరిచేతా నొక్కించాడు. వార్త పాలపొంగులా పైకొచ్చేసింది. మనసులో ముల్లు గుచ్చుకుంటున్నా, అసిరితల్లి మాటిమాటికీ ఫోను చూసుకుని మురిసిపోయింది.

తెల్లారేసరికి ఊరినిండా మోటారుసైకిళ్ళు. కర్రలు పట్టుకొచ్చినవాళ్ళు కొందరు, టపాకాయలు తెచ్చినవాళ్ళు కొందరు. "రాకాసి పక్షి ఏదీ?" అని ఒకటే గోల. అసిరితల్లి పరుగెత్తుకొచ్చేలోపే ఎవరో సీమటపాకాయల సరం అంటించేశారు.

పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. కొమ్మలు ఊగిపోయాయి. పిల్లలు జారి పడుతుంటే అసిరితల్లి కొంగు పట్టి అటూ ఇటూ పరుగెత్తింది. కొన్ని దొరికాయి. కొన్ని దొరకలేదు.

అప్పుడు ఆటోలోంచి ఒక ముసలావిడ దిగింది. మనవణ్ణి గుండెకి గట్టిగా హత్తుకుని ఉంది. "ఆ బిడ్డ ఎవరి బిడ్డమ్మా? తల్లి ఎలగుందో పాపం!" అని కళ్ళొత్తుకుంది.

ఆ మాట విని అసిరితల్లి ముందుకొచ్చింది. "బిడ్డా లేదు, ఎత్తుకుపోవడమూ లేదు పిన్నీ," అంది అందరికీ వినబడేలా. "అది మేం రాసిన అబద్ధం. వద్దనాల్సిందాన్ని, వద్దనలేదు."

తిట్టినవాళ్ళు తిట్టారు. తలొంచుకుని అన్నీ పడింది. జనం వెళ్ళిపోయాక, పొద్దు వాలే వేళకి తల్లిపక్షులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అప్పటిదాకా ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

ఆ తర్వాత ముచ్చట్ల అరుగుని చూసుకునే శకుంతల గారికి తనే అంతా చెప్పేసింది. దొంగపేర్లన్నీ చెప్పింది. ఆవిడ ఆ వార్త తీసేసి ఇలా రాశారు:

"వీడియో బాగుందమ్మా. నీ పేరుతో పెట్టు, ఒక్కసారే పెట్టు. అది నీదేనని చెప్పు. బాణాలు నొక్కమని చుట్టాల్ని పురమాయించకు. తక్కినవాళ్ళ ముచ్చట్లు కూడా కాస్త చదువు. అరుగు మీద నువ్వొక్కదానివే కూర్చోలేదు కదా!"

అసిరితల్లి సరేననుకుంది. ముందు అందరి ముచ్చట్లూ చదివింది. ఎవరిదో మేకపిల్ల గెంతుతుంటే చూసి నవ్వింది. జాకెట్టు చంక దగ్గర పట్టేస్తోందని ఎవరో అడిగితే, ఎలా విప్పి కుట్టాలో చెప్పింది. అప్పుడు మళ్ళీ తన వీడియో పెట్టింది.

'మా చెట్ల కింద కట్టడానికి పాత వలలు కావాలి. వీడియో తీసింది నేనే. మొన్నటి అబద్ధపు వార్తా మాదే, తప్పయిపోయింది,' అని రాసింది.

పైబాణాలు పెద్దగా రాలేదు బుజ్జీ. ప్రశ్నలు మాత్రం వచ్చాయి. తెలిసినవాటికి జవాబు చెప్పింది. తెలియనివాటికి తెలియదంది. అలా చెబుతుంటే, సముద్రం ఒడ్డు నుంచి నూకాలు అనే ఆవిడ అడిగింది.

"సిరిగిన వలలు పనికొత్తాయా వదినా? మా ఇసకలో గుట్టలుగా పడున్నాయి."

"పనికి రాకపోవడమేటి వదినా, మాకవే పట్టుచీరలు!"

రెండ్రోజుల్లో నూకాలు వాళ్ళు వ్యానునిండా వలలు వేసుకుని వచ్చారు. ఊరంతా ఒకటే చేపల వాసన! వీధిలో పిల్లులన్నీ తోకలెత్తుకుని వ్యాను వెనకే ఊరేగాయి. మోటారుసైకిళ్ళ మీద వచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చి గుంజలు పాతారు. దాలినాయుడు కిక్కురుమనకుండా తాళ్ళు కట్టాడు.

అంతలో గాలి లేచింది. కొమ్మ ఊగింది. ఒక పిల్ల జారింది. అందరూ ఊపిరి బిగబట్టారు. పిల్ల వలలో పడి, బంతిలా ఒక్క ఎగురు ఎగిరి, లేచి కూర్చుని, "నన్నెవరు తోశారు?" అన్నట్టు గీ గీమని అరిచింది. నూకాలు నవ్వింది. ఊరంతా నవ్వింది.

అసిరితల్లి అదంతా ఫోనులో తీసి, ఆ వీడియో కూడా పెట్టింది. 'వలలు నూకాలు వాళ్ళవి, పొగడ్తలు వాళ్ళకే,' అని రాసింది. ఈసారి ఎవరూ పురమాయించకుండానే బాణాల మీద బాణాలు పడ్డాయి. కొన్నాళ్ళకి వార్త అన్నిటికంటే పైకెక్కి కూర్చుంది. పక్షులు వాలే వేరే ఊళ్ళవాళ్ళు కూడా వలలు అడిగారు.

కానీ అది పైకెక్కిన పొద్దున అసిరితల్లి ఫోను చూడనే లేదు. చెట్ల కింద మెడెత్తి నిలబడి చప్పట్లు కొడుతోంది. ఎందుకో తెలుసా? వలలో పడ్డ పిల్ల మొదటిసారి రెక్కలు విప్పి, ఊరి మీదుగా ఎగిరిపోతోంది.

గాలి వీచె, కొమ్మ ఊగె,
వలలోన పిల్ల తూగె,
రెక్క వచ్చె, మబ్బు దాటె,
బుజ్జి కంట నిదర మీటె.

కథేమో కంచి దారి పట్టింది, నిద్దరేమో నీ రెప్ప తట్టింది. పడుకో నా బంగారు.