బూజంటే బూజేనా?

అనగనగా అన్నాక మీరు ఊఁ కొట్టాలి. ముందే చెప్తున్నాను, ఇది నవ్వించే కథ కాదు.

అనగనగా గండికొండ రాజ్యాన్ని రణమల్లుడనే రాజు ఏలేవాడు. మాట కరుకు, చెవి మొద్దు. ఆయన ఒక్కగానొక్క కూతురు జబ్బుతో మంచాన పడింది. ద్రాక్షరసం తప్ప ఆ పిల్ల గొంతులోకి ఏదీ దిగడం లేదు. సరిగ్గా అప్పుడే కోట వెనక ద్రాక్షపందిళ్ళకు తెగులు తగిలింది.

తోటమాలి ఓబులప్ప పరుగున వచ్చాడు. "దొరా, ద్రాక్షాకులకి బూజు పట్టింది."

"పడితే దులపండి!" అన్నాడు రాజు.

"ఇది ఇంటి బూజు కాదు దొరా. దులిపితే గాలికి లేచి అంతటా అంటుకుంటాది. తెగులాకులు కోసి కాల్చాల. వేపగింజలూ వెల్లుల్లీ నూరి, ఆ నీళ్ళు ఆకుల అడుగున చల్లాల."

"బూజంటే బూజే. నాకే మాటలు నేర్పుతావా?"

వందమంది భటులు బూజుకర్రలు పట్టుకుని పందిళ్ళు దులిపారు. తెల్లటి దుమ్ము లేచింది. రెండు పందిళ్ళలో ఉన్న తెగులు వారం తిరక్కుండానే పది పందిళ్ళకు పాకింది.

అంతలో ఒక వర్తకుడు బూజు పోగొట్టే మందంటూ నీలిపొడి బస్తాలు తెచ్చాడు.

"ఇదేం పొడి సామీ?" అని ఓబులప్ప అడిగాడు.

"పేరుతో నీకేం పని? చల్లు" అన్నాడు వర్తకుడు. రాజూ చల్లమన్నాడు.

ఓబులప్ప మూడు రోజులు ఒట్టి చేతులతో చల్లాడు. బూజు పోయింది. ఆకులూ మాడిపోయాయి, గుత్తులూ రాలిపోయాయి. పందిళ్ళ కింద పిచ్చుకలు చచ్చి పడ్డాయి. నాలుగోనాడు ఓబులప్ప నెత్తురు కక్కుకుని పోయాడు. వర్తకుడు అప్పటికే పొలిమేర దాటేశాడు, పాపిష్టివాడు!

పొడి చాలక వదిలేసిన ఒకే ఒక్క పందిరి మిగిలింది. దానికీ బూజు మొదలైంది. రాజు కాలినడకన ఓబులప్ప గుడిసెకు వెళ్ళాడు. అతని భార్య పెద్దక్క గుమ్మంలో కూర్చుని ఉంది.

"అమ్మా, నా బిడ్డ..." అంటూ రాజు ఆగిపోయాడు.

పెద్దక్క లేచి రోట్లో వేపగింజలూ వెల్లుల్లీ పోసి నూరింది. తెగులాకులన్నీ కోసి కాల్చింది. రోజు విడిచి రోజు ఆ చేదునీళ్ళు ఆకుల అడుగున చల్లింది. గుత్తులు నిలిచాయి. రాజు కూతురు గుటక వేసింది, బతికింది.

"ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు రాజు.

"నా మొగుడు చెప్పిన మాట ఇంకొక్కసారి చెప్తా. ఈసారన్నా వినండి దొరా. ఇది దులిపే బూజు కాదు."

రాజు తల వంచుకుని విన్నాడు. మొదట చెప్పినవాడు మాత్రం లేడు.

పేరు తెలిసినంత మాత్రాన రోగం తెలిసినట్టు కాదు. తెలిసినవాడి మాట వినని దొరతనం ప్రాణాలు తీస్తుంది.